కిటికీ బిగుసుకునేది పైన కాదు, లోపల

మా వీధిలో కొయ్య కిటికీలు ఒక్కొక్కటే పోతున్నాయి. మేముండేది విశాఖపట్నం పెదవాల్తేరులో, సముద్రం గాలి ఇంట్లోకి నేరుగా వచ్చే చోట. పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు లేపిన ప్రతి చోటా తెల్లటి యూపీవీసీ ప్లాస్టిక్ కిటికీలే పెడుతున్నారు. ఎందుకని ఎవరినడిగినా ఒకటే జవాబు: "కర్రయితే వానాకాలం బిగుసుకుపోతాదండీ, ఎండాకాలం సందులు తేల్తాది." ఆ బాధ పడ్డవాళ్ళు ఆ మాట అనడంలో తప్పేమీ లేదు. కానీ నేను పుట్టింది వడ్రంగం ఇంట్లో, బతుకుతున్నది ఇంటర్ పిల్లలకి కర్బన రసాయనశాస్త్రం చెప్పి. రెండు వైపుల నుంచీ చూశాక నాకు గట్టిగా అనిపించేది ఇది: తేమకి ఉబ్బడం కర్ర తలరాత కాదు. దాన్ని అణువుల దగ్గరే మార్చవచ్చు. ఆ సంగతి తెలిసి చాలాకాలమే అయింది, మన దగ్గర మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు.

మా బాబాయ్‌కి మర్రిపాలెం వైపు చిన్న పని షెడ్డు ఉంది. తాతగారి నుంచి వచ్చిన పని. సముద్రం పక్క ఇంటికి తలుపు చేయాల్సి వస్తే ఆయన ముందు అడిగేది కర్ర ఏదని కాదు, బిగించేది ఏ నెలలో అని. "మార్చిలో బిగిస్తే రెక్కకీ బందానికీ మధ్య రూపాయి బిళ్ళ దూరేటంత సందు ఒదులుతాను తల్లీ. ఆగస్టులో బిగిస్తే ఆ సందు అక్కర్లేదు, ఎలాగూ ఆరేక ఆడతాది" అంటాడు. ఆ రూపాయి బిళ్ళ లెక్కని నేను కాగితం మీద వేసి చూశాను. అది నిజంగా నిలబడే లెక్క.

గాలిలో తేమ ఎంత ఉంటే కర్ర తనలో అంత నీరు ఉంచుకుంటుంది, మారితే తానూ మారుతుంది. గాలిలో తేమ 65 శాతం దగ్గర ఉంటే కర్రలో నీరు దాని పొడి బరువులో 12 శాతం దగ్గర నిలబడుతుంది. గాలి తేమ 80 శాతానికి వెళితే అది 16 శాతం చేరుతుంది. ఇక రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు 20 వైపు నడుస్తుంది. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి, చెట్టు వలయాల వెంబడి 5.8 శాతం, మధ్య నుంచి బెరడు వైపు 2.5 శాతం ముడుచుకుంటుంది. పొడవు దిక్కున ముడత లెక్కలోకి రానంత తక్కువ. ఇప్పుడు 300 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పలక తీసుకోండి. దానిలో నీరు 10 నుంచి 17 శాతానికి పెరిగితే, వలయాల వెంబడి కోసిన పలక 4 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. చెట్టు మధ్య నుంచి అంచుకి కోసిన పలకయితే 2 మిల్లీమీటర్ల లోపే. తలుపు రెక్కలో అలాంటి పలకలు మూడుంటే ఎంతవుతుందో చూడండి. చట్రంలో గాడి తీసి పలకని జిగురు లేకుండా వదులుగా కూర్చోబెట్టే పాత పద్ధతి ఇందుకే పుట్టింది. పలక ఎటు కావాలంటే అటు జరుగుతుంది, చట్రం కదలదు. టేకే ఇంత ఉబ్బితే, చవక కర్రల సంగతి చెప్పక్కర్లేదు. టేకు ఉబ్బే కర్రల్లో మర్యాదైనది. దానిలో సహజంగానే రబ్బరు లాంటి పదార్థమూ, పురుగుకి గిట్టని టెక్టోక్వినోన్ లాంటివీ ఉంటాయి.

నీరు కర్రలో ఎక్కడ కూర్చుంటుందనేది ఇందులో అసలు విషయం. చాలామంది కర్రలోని గొట్టాల్లాంటి ఖాళీల్లో నీరు నిండి ఉబ్బుతుందని అనుకుంటారు. అలా కాదు. ఆ ఖాళీల్లో నీరున్నా లేకపోయినా కర్ర కొలత మారదు, బరువు మాత్రమే మారుతుంది. పచ్చి దుంగ నుంచి మొదట పోయేది ఆ నీరే, అప్పుడు పలక ముడుచుకోదు. 30 శాతం దగ్గరికి వచ్చాక ఖాళీల్లో నీరు అయిపోతుంది, ఇక మిగిలేది కణకవచం లోపల, ఆ గోడల మందంలో ఇరుక్కున్న నీరు. ముడతా, ఉబ్బూ, పగులూ, వంకరా అన్నీ ఈ 30 శాతం లోపలే.

ఆ గోడ మూడు పదార్థాల అల్లిక: సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్. మూడింటికీ హైడ్రాక్సిల్ సమూహాలున్నాయి, అంటే ఒక ఆక్సిజన్‌కి వేలాడే ఒక హైడ్రోజన్. నీటి అణువు కూడా అలాంటిదే కాబట్టి అక్కడికి వచ్చి హైడ్రోజన్ బంధంతో అతుక్కుంటుంది. సెల్యులోజ్‌లో ఈ సమూహాలు కొల్లలుగా ఉన్నా, అవి చాలావరకు స్ఫటికంలా ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, నీటికి అక్కడ సందు దొరకదు. నీటిని ఎక్కువగా పిలిచేది హెమీసెల్యులోజ్. కొమ్మలు కొమ్మలుగా, వదులుగా ఉండే చక్కెర గొలుసులవి. నీరు వచ్చి చేరేకొద్దీ గొలుసుల్ని పక్కకి నెడుతుంది, గోడ మందమవుతుంది, మన కిటికీ బిగుస్తుంది.

దీన్ని బట్టి ఒక సంగతి తేలిపోతుంది. పైన ఏం పూసినా లోపలి హైడ్రాక్సిళ్ళు అలాగే ఉంటాయి. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మకి లక్క పట్టించడం చూసినవాళ్ళకి తెలుసు, తిరుగుతున్న కర్రకి లక్క ఒత్తితే ఆ వేడికి కరిగి ఎంత నిండుగా పట్టుకుంటుందో. బొమ్మ చిన్నది, చుట్టూ పొర పూర్తిగా ఉంటుంది, ఉండేది ఇంట్లో. అక్కడ లక్క చాలు. కిటికీకి వేసే వార్నిషూ, అవిసె నూనే, పెయింటూ కూడా నీటి ఆవిరి రాకని నెమ్మది చేస్తాయి, ఆపవు. వారం వాన అయితే పైపూత కాపాడుతుంది. మన వానాకాలం నెలల తరబడి ఉంటుంది, దాని వెనకే అక్టోబరు, నవంబరు తుఫాన్లు. అంత వ్యవధిలో కర్ర గాలితో లెక్క సరిచేసుకునే తీరుతుంది. పైగా కర్ర కదిలినప్పుడల్లా పెయింటు చీలుతుంది, ఆ చీలికలోంచి దూరిన నీరు పొర వెనక చిక్కుకుని ఆరడానికి దారి లేక పుచ్చు మొదలవుతుంది. ఏటేటా రంగు వేయించేవాళ్ళ కిటికీ కింది పట్టీలే ముందు పుచ్చడం మీరూ చూసే ఉంటారు.

పైపూత మొదటి దారి అయితే, రెండో దారి విషం. ఇందులో మన తెలుగువాళ్ళు గర్వంగా తలుచుకోవాల్సిన పేరు సొంటి కామేశం. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి ఆయన కనిపెట్టిన మిశ్రమం ప్రపంచమంతా కరెంటు స్తంభాలనీ, రైలు స్లీపర్లనీ, కంచె గుంజల్నీ దశాబ్దాలపాటు చెదల నుంచీ బూజు నుంచీ కాచింది. క్రోమియం వల్ల రాగీ ఆర్సెనిక్కూ కర్రకి అంటుకుపోయి వానకి కొట్టుకుపోకుండా ఉంటాయి, కిటుకంతా అందులోనే ఉంది. ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరికి ఇళ్ళ అవసరాలకి వాడకం మానేశారు. ఆ మందు పురుగునీ బూజునీ చంపుతుంది. కర్రకీ నీటికీ ఉన్న పొత్తుని మాత్రం అది ముట్టుకోదు. మందు పట్టించిన కర్ర కూడా ఎప్పటిలాగే ఉబ్బుతుంది.

మూడో దారి ఆ హైడ్రాక్సిల్‌నే మార్చేయడం. క్లాసులో నేను దీన్ని ఇలా చెబుతాను. సంక్రాంతికి ఆర్టీసీ కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సు ఆగగానే కిటికీలోంచి సీట్ల మీద రుమాళ్ళు పడతాయి కదా. తర్వాత ఎక్కినవాళ్ళకి సీటు కనబడుతుంది గానీ కూర్చోడానికి లేదు. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ అనే ద్రవం చేసేది అదే. పొడిగా ఆరబెట్టిన కర్రలోకి ఒత్తిడితో దాన్ని ఎక్కించి 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే, హైడ్రాక్సిల్‌లోని హైడ్రోజన్ పోయి ఎసిటైల్ సమూహం వచ్చి కూర్చుంటుంది. ఎస్టర్ బంధం అది, కడిగితే పోయేది కాదు. మిగిలిన సగం ఎసిటిక్ ఆమ్లంగా బయటికి వస్తుంది, మనం వెనిగర్‌లో వాసన చూసే ఆమ్లమే. కర్ర పొడి బరువు 20 శాతం పెరిగేదాకా ఎక్కిస్తే ఉబ్బు నాలుగింట మూడు వంతులు తగ్గిపోతుంది. పై లెక్కలోని 4 మిల్లీమీటర్లు అటూ ఇటూగా 1 మిల్లీమీటరు అవుతుంది. బాబాయ్‌కి రూపాయి బిళ్ళంత సందు ఇంక అవసరం లేదు.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మేడిసన్‌లోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలలో ఆల్ఫ్రెడ్ స్టామ్, హెరాల్డ్ టార్కో 1940ల్లోనే దీన్ని చేసి చూపించారు. నిలకడగా వ్యాపార స్థాయికి వచ్చింది మాత్రం 2007లో, నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్‌లో, అకోయా అనే పేరుతో. రేడియేటా పైన్ అనే చవక, మెత్తటి, తొందరగా పుచ్చే కర్రని తీసుకుని కిటికీలకీ వంతెనలకీ పనికొచ్చేలా చేశారు. అదే దేశంలో స్నేక్ పట్టణం దగ్గర భారీ లారీలు నడిచే రోడ్డు వంతెన ఒకటి ఈ కర్రతోనే కట్టారు.

మా క్లాసులో చురుకైన అమ్మాయి ఒకతి అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది: "మేడమ్, సీటు దొరక్కపోవడం వల్ల నీరు రావడం లేదా, రుమాలుతోపాటు బ్యాగు కూడా పెట్టేసి చోటే లేకుండా చేశారా?" ఈ రంగంలో పనిచేసేవాళ్ళు చాలాకాలం తర్కించుకున్న ప్రశ్న సరిగ్గా ఇదే. బ్రిటన్‌లో కాలమ్ హిల్ బృందం దీన్ని పరీక్షించిన తీరు అందంగా ఉంటుంది. ఎసిటిక్ బదులు ప్రొపియోనిక్, బ్యుటిరిక్ లాంటి, గొలుసు పొడవైన ఎన్‌హైడ్రైడ్లు వాడారు. వాటితో అదే బరువు ఎక్కించాలంటే తక్కువ హైడ్రాక్సిళ్ళు చాలు, ఎందుకంటే ఒక్కొక్కటీ ఎక్కువ బరువు. మూసిన సీట్ల సంఖ్యే కారణమైతే, పొడవైన వాటితో నీరు ఎక్కువ రావాలి. అలా రాలేదు. నీరు తగ్గడం ఎక్కిన బరువుని బట్టే ఉంది. అంటే చోటు ఆక్రమించడం పెద్ద కారణం. ఎసిటైల్ ఎక్కిన కర్రని పొడిగా ఆరబెట్టినా పచ్చికర్ర కొలతకి దగ్గరగానే ఉంటుంది, గోడ ముందే ఉబ్బి ఉంది, ఇంక ఉబ్బడానికి మిగిలింది తక్కువ. నేను పాఠంలో ఇన్నాళ్ళూ నొక్కి చెప్పిన "హైడ్రాక్సిల్ మూసుకుపోయింది" అన్నది కథలో ఒక ముక్క. ఆ అమ్మాయి రెండో ముక్క పట్టుకుంది.

చోటు నింపడమే ముఖ్యమైతే, అతికించకుండా ఊరికే నింపితే చాలదా అంటే, దానికీ ఉదాహరణ ఉంది. 1628లో స్టాక్‌హోమ్ రేవులో మునిగి 1961లో పైకి తేలిన వాసా ఓడకి పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని ఏకంగా 17 ఏళ్ళు పిచికారీ చేశారు, ఆరేటప్పుడు గోడలు కుంచించుకుపోకుండా. ఓడ నిలబడింది. కానీ గ్లైకాల్ నీటిలో కరిగిపోతుంది. మ్యూజియంలో ఉన్న ఓడకి సరిపోతుంది, మన బీచ్ రోడ్డు కిటికీకి పనికిరాదు. వానకి నిలవాలంటే బంధం పడాల్సిందే.

బూజు సంగతీ చెప్పాలి. కర్రని తినే బూజులకి గోడ లోపల తగినంత నీరు కావాలి, అవి విడుదల చేసే పదార్థాలు ఆ నీటి దారిలోనే లోపలికి వెళతాయి. గోడలో తగినంత నీరు లేకపోతే ఆ దారి లేదు. విషం చుక్క కూడా లేకుండా కర్ర పుచ్చకుండా ఉండటం నాకు ఈ రసాయనంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఆ కర్రని చివరికి మామూలు కర్రలాగే కాల్చవచ్చు. కామేశం గారి మందు పట్టించిన కర్రని అలా కాల్చడానికి లేదు.

వేడి చేసే పద్ధతి కూడా ఉంది. ఫిన్లాండ్‌లో 1990లలో స్థిరపడింది. గాలి తగలకుండా, ఆవిరిలో, 180 నుంచి 215 డిగ్రీల దాకా. హెమీసెల్యులోజ్ విరిగిపోతుంది కాబట్టి నీటిని పిలిచేవే తగ్గిపోతాయి. రసాయనం కొనక్కర్లేదు. అయితే కర్ర పెళుసవుతుంది, బరువు మోసే చోట పెట్టకూడదు. నాకు దీని మీద పెద్ద మోజు లేదు. ముడతలు పడని చొక్కాలకి వాడే డీఎమ్‌డీహెచ్‌ఈయూ అనే రెసిన్‌ని కర్రకి వాడిన జర్మన్ ప్రయత్నమూ ఉంది, ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు చికాకు దాని వెంటే ఉంటుంది.

నాకు మోజున్నది ఫర్‌ఫ్యూరిల్ ఆల్కహాల్ మీద. ఎందుకో చెబుతాను. దీన్ని కర్రలోకి ఎక్కించి వేడి చేస్తే గోడల లోపలే గొలుసులుగా అల్లుకుని గట్టిపడుతుంది. కర్ర ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది, బరువెక్కుతుంది, గట్టిపడుతుంది. నార్వేలో కెబోనీ అనే పేరుతో అమ్ముతున్నది ఇదే. ఫర్‌ఫ్యూరిల్ ఆల్కహాల్ వచ్చేది ఫర్‌ఫ్యూరల్ నుంచి, ఫర్‌ఫ్యూరల్ తీసేది మొక్కజొన్న కండెల నుంచి, చెరకు పిప్పి నుంచి. పిప్పిలో ఉన్న హెమీసెల్యులోజ్‌ని ఆమ్లంతో, వేడితో విరగ్గొడితే వస్తుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో చెరకు పిప్పి నుంచే పెద్ద ఎత్తున చేస్తారు. చూశారా, కర్రలో నీటిని ఎక్కువగా పిలిచే పదార్థమే, ఇంకో మొక్క నుంచి తీసి మలిస్తే, నీటిని బయట నిలబెట్టే పదార్థం అవుతోంది. మనకి నలభై కిలోమీటర్ల లోపే అనకాపల్లి ఉంది, బెల్లం ఊరు. ఆ చుట్టుపక్కల బెల్లం వండేచోట పిప్పి పెనం కింద పొయ్యిలోకి పోతుంది. వాళ్ళకి ఆ వంటచెరకు అవసరమే, లాక్కోమనడం లేదు. కానీ చెరకూ, పిప్పీ, రసాయన పరిశ్రమా, రేవూ ఇంత దగ్గరగా ఉన్న ఊరు ఇంకొకటి చూపించండి. ఈ పని ఇక్కడ మొదలవ్వాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

ఉప్పునీటిలో కర్రకి ఏమవుతుందో పరీక్షించే అలవాటు కూడా ఈ ఊరికి కొత్త కాదు. బెంగళూరు కలప విజ్ఞాన సంస్థకి ఇక్కడ సముద్రంలో కర్ర పాడయ్యే తీరుని చదివే కేంద్రం ఉండేది. రేవు నీటిలో పలకలు వేలాడదీసి, కర్రని సొరంగాలుగా తొలిచేసే ఓడపురుగులు వాటిని ఎన్నాళ్ళలో తినేస్తాయో లెక్కకట్టేవాళ్ళు. జాలరిపేట తెప్పలవాళ్ళకి ఇదంతా పుస్తకం లేకుండానే తెలుసు. తెప్ప దుంగలు నీరు తాగి బరువెక్కాయని వేటనుంచి రాగానే ఇసుక మీదికి లాగి ఆరబెట్టేవారు. ఇప్పుడు ఎక్కువగా ఫైబర్ బోట్లు వచ్చేశాయి, ఆ దుంగలు తగ్గిపోయాయి.

ఆశ పెట్టి ఇబ్బందులు దాచకూడదు కాబట్టి అవీ రాస్తున్నాను. ఎసిటైల్ లాంటి, ద్రవం ఎక్కించే పద్ధతులు ఆ ద్రవం లోపలికి ఎక్కే కర్రకే పనిచేస్తాయి. టేకు చేవలోకి ఎక్కదు, దాని గొట్టాలు చాలావరకు మూసుకుపోయి ఉంటాయి. నీలగిరి చేవ కూడా అంతే. చేవ పట్టని తెల్లభాగం, రబ్బరు కర్ర లాంటివి బాగా తీసుకుంటాయి, రబ్బరు కర్ర మీద మన దేశంలోనూ ప్రయోగాలు జరిగాయి. అంటే బాబాయ్ ఇన్నాళ్ళూ చెక్కి పారేసిన భాగమే దీనికి పనికొచ్చేది. ఇది విని ఆయన కాసేపు రంపం పక్కన పెట్టి, "మరి చేవ లేని కర్రకి చేవ ఎక్కిస్తారన్నమాట" అన్నాడు. అవును, సరిగ్గా అదే.

ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ బజారులో కొనుక్కుని ఇంట్లో చేసే పని కాదు. హెరాయిన్ తయారీలో వాడతారు కాబట్టి మత్తుమందుల చట్టం కింద నియంత్రిత పదార్థం, కొనడానికీ అమ్మడానికీ రిజిస్ట్రేషన్ కావాలి. ఒంటికి తగిలితే కాలుస్తుంది కూడా. పిల్లలెవరూ ప్రయత్నించకండి. బయటి నుంచి వచ్చే ఎసిటైల్ కర్ర ధర మన టేకుతో పోటీపడే స్థాయిలోనే ఉంటుంది, చవకేమీ కాదు. ఎండకి పైభాగం మామూలు కర్రలాగే బూడిద రంగుకి తిరుగుతుంది, లిగ్నిన్‌ని ఎండ విరగ్గొట్టడం దీనితో ఆగదు. అయితే కర్ర పెద్దగా కదలదు కాబట్టి వేసిన రంగు ఎక్కువ కాలం చీలకుండా ఉంటుంది.

ఇంకోటి, బిగించేవాళ్ళకి ముఖ్యం. ఎసిటైల్ కర్రలో కొద్దిగా ఎసిటిక్ ఆమ్లం మిగిలే ఉంటుంది. దానికి మామూలు ఇనప మేకులూ, జింకు పూత మరలూ కొడితే తుప్పు పట్టి కారతాయి, సముద్రం గాలి తోడైతే ఇంకా తొందరగా. స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి, మన తీరంలో 316 రకమైతే మంచిది. మడతబందులకీ, గొళ్ళేలకీ కూడా ఇదే వర్తిస్తుంది.

భీమిలి నుంచి గాజువాక దాకా ఈ తీరంలో ఎసిటైల్ కర్రతో గానీ, వేడి చేసిన కర్రతో గానీ కిటికీ, తలుపు, బాల్కనీ నేల ఏదైనా బిగించిన మేస్త్రీలు ఉంటే నాకు రాయండి. ఏ నెలలో బిగించారు, సందు ఎంత వదిలారు, ఒక వానాకాలం గడిచాక ఆ సందు ఎంతైంది, మరలు ఏవి వాడారు. ముక్క మిగిలి ఉంటే ఇంకా మంచిది, మామూలు టేకు ముక్క పక్కన పెట్టి సెప్టెంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి మా కాలేజీ ల్యాబులో తూచి, వెడల్పు కొలిచి, రెండు అంకెలూ ఇక్కడే పెడతాను.